పోపుడబ్బాలో డాంగిల్

మా ఆడబిడ్డ తన ల్యాప్‌టాప్‌ను మా ఇంట్లో పెట్టి వెళ్లి తొమ్మిది రోజులయింది. ఆమె ఆఫీసు వాళ్లు ఆమెకు కొత్తది ఇచ్చారట. ఇది ఊరికే పడి ఉండటమెందుకు, వదిన పెళ్లి పత్రికలు చేసుకుంటుంది కదా అని ప్రేమతోనే తెచ్చింది. ఉంచుకుంటానో లేదో ఆదివారంలోగా చెప్పమంది. వద్దంటే తీసుకోవడానికి వాళ్ల వైపు ఇంకొకరు ఉన్నారు. జగిత్యాలలో మేం అద్దెకుండే ఈ ఇంటి ముందుగదిలో, ఒకే బల్ల మీద, ఇప్పుడు రెండు కంప్యూటర్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి వెండి రంగులో పలచగా, మూత తీయగానే వెలిగేది. ఇంకొకటి మా నాన్న కాలం నుంచి వస్తున్న నల్ల డబ్బా. నాన్నను మేం బాపు అని పిలిచేవాళ్లం. దాని లోపలి భాగాలు ఎన్నిసార్లు మారాయో తెలియదు గానీ ఇంట్లో అందరం దాన్ని బాపు కంప్యూటర్ అనే అంటాం. పొద్దున దాని మీట నొక్కి, పాలు కాచి, మా అమ్మాయి అక్షరకు జడలు వేసి, బడి డబ్బా సర్ది వచ్చినా అది ఇంకా తెరుచుకునే పనిలోనే ఉంటుంది. బాగుచేసే అతను ఈ మధ్య దాన్ని విప్పడం కూడా మానేశాడు. బయట నుంచే చూసి, ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లు అక్కా, అని వెళ్లిపోతాడు.

పాతది పోయి కొత్తది రావడమే అయితే ఇంత ఆలోచన అక్కరలేదు. ఈ రెండూ వేరువేరు తీరువి. నేను పత్రికలు చేసే తెలుగు అక్షరాలు బాపు కొన్న పాత సాఫ్ట్‌వేర్‌వి. అవి ఈ ల్యాప్‌టాప్‌లోకి రావు. దీనిలో తెలుగు లేదని కాదు, ఉంది, అందంగానే ఉంది. కానీ ఇక్కడ అక్షరాలు వేరే మీటల కింద ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా నా వేళ్లు ఒక దారిన నడిచాయి. 'శ్రీ' ఏ మీట కింద ఉందని నన్నడిగితే చెప్పలేను, వేళ్లనడిగితే చెబుతాయి. అవే వేళ్లను కొత్త మీటల మీద పెడితే తెలియని ఊరి బస్టాండులో దిగినట్టు ఆగిపోతున్నాయి. మొదటి రోజు పెళ్లికొడుకు పేరు, వాళ్ల నాన్న పేరు, ఊరు కొట్టేసరికి అన్నం ఉడికి గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ పేర్లు బాపు కంప్యూటర్ మీద మాట్లాడుకుంటూ కొట్టేదాన్ని.

"తీసుకుంటవా, ఇచ్చేస్తవా? గంతే కదా ముచ్చట," అన్నాడు మా ఆయన. కొడిమ్యాల బడిలో సారు. ఆయనకు ప్రతి ప్రశ్నకూ ఒక జవాబు ఉంటుంది, లేకపోతే ఆ ప్రశ్న సిలబస్‌లో లేనట్టు.

"గంతే అయితే నువ్వే చెప్పు."

"నేను చెప్త. రేపు ఏదన్న అయితే నన్ను పట్టుకొని తింటవు. నాకెందుకు?"

బాపు పోయాక మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. వారం రోజులుగా గోడకు ఆనుకుని కూర్చుని నన్ను గమనిస్తోంది. "ఏందే బిడ్డా, జాతకాలు కలుస్తలేవా ఏంది? పొద్దాక రెండిటి మొకాలు చూసుకుంట కూసున్నవ్," అంది.

నాకు భయపడటం అలవాటు. అక్షరకు ఒళ్లు కాస్త వెచ్చబడితే భయం, బడి ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే భయం, ఆటో ముందే వస్తే ఎందుకు ముందొచ్చిందని భయం. వీటికి తోడు ఇప్పుడు ఇది. ఉంచుకుంటే నెలల తరబడి చేతగానిదానిలా కూర్చోవాలి. పత్రిక కోసం వచ్చినవాళ్లు రెండుసార్లు చూసి మూడోసారి ఊరి నడుమ టవర్ దగ్గర ఉన్న పెద్ద షాపులకు పోతారు. ఇచ్చేస్తే, బాపు కంప్యూటర్ ఒకరోజు పొద్దున లేవదు, ఆ రోజుతో నా పని అయిపోతుంది. బీకాం చదివాను, కంప్యూటర్స్ కూడా అందులో ఉంది. అయినా నాకు నిజంగా వచ్చిన పని బాపు నేర్పిన ఈ ఒక్కటే. ఈ ఇంట్లో నేను ఎవరి భార్యగానో, ఎవరి తల్లిగానో కాకుండా కూర్చునే కుర్చీ అదొక్కటే. అక్షర పడుకున్నాక ఇదంతా కాగితం మీద రాస్తున్నాను. కాగితం మీద అక్షరాలు ఇంకా నేను వదిలిన చోటే ఉన్నాయి.

నిన్న బాపు కంప్యూటర్ వెనక దుమ్ము దులుపుతూ డాంగిల్ ఊడదీశాను. ఆ పాత సాఫ్ట్‌వేర్‌కు అది తాళం. బొటనవేలంత ఉంటుంది. వెనక బిగిస్తేనే తెలుగు అక్షరాలు తెరుచుకుంటాయి, లేకపోతే తెర మీద పిచ్చి గీతలు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ వాసనా లేదు. ఒకప్పుడు దానికి మెంతుల వాసన ఉండేది.

నా చిన్నప్పుడు కోరుట్లలో మా ఇల్లు, బాపు దుకాణం ఒక్కటే. వీధి వైపు గదిలో కంప్యూటర్, నడిమి గదిలో మేము, వెనక వంట. ఆ డాంగిల్ పోతే మళ్లీ అంత పెట్టి కొనలేనని బాపుకు ఎప్పుడూ దిగులు. దొంగ వస్తే ముందు బీరువా చూస్తాడు, తర్వాత దేవుడి గూడు చూస్తాడు, పోపుడబ్బా ఎవడూ చూడడు అని ఆయన లెక్క. సాయంత్రం పని ముగియగానే దాన్ని ఊడదీసి అమ్మ చేతికిచ్చేవాడు. అమ్మ మెంతుల గిన్నెలో గుచ్చి మూత పెట్టేది. పొద్దున పోపు వేయడానికి తీసినప్పుడు, "ఇగో నీ తాళం," అని ముందుగదిలోకి పంపేది. ఒకసారి తొందరలో మెంతులతో పాటు అది కూడా నూనెలో పడబోయిందట. బాపు ఆ రోజంతా అమ్మతో మాట్లాడలేదని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. కంప్యూటర్‌కు ఒక ముసుగు ఉండేది, సిరిసిల్ల నుంచి మా పెద్దనాన్న పంపిన లంగా గుడ్డతో అమ్మ కుట్టింది. లేత గులాబీ రంగు. పొద్దున బాపు స్నానం చేసి, ఆ ముసుగు తీసి నాలుగు మడతలు పెట్టి, ఊదుబత్తి చూపించి, అప్పుడు మీట నొక్కేవాడు. వేడెక్కిన దుమ్ము, ఊదుబత్తి, పక్కన ప్రెస్ నుంచి వచ్చే సిరా వాసన, వెనక నుంచి పోపు. ఇవి నాలుగూ కలిస్తే పొద్దు పొడిచినట్టు.

బాపుది సిరిసిల్ల. చిన్నప్పుడే సాంచల మీద పనిచేశాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆ చప్పుడులో పెరిగినవాడు గనుక బాపు ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడు. పక్కన కూర్చున్నవాళ్లతో కూడా వీధి అవతల ఉన్నవాళ్లతో మాట్లాడినట్టే. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు నేర్చుకుని కోరుట్ల వచ్చేశాడు. కానీ సాంచ ఆయన వేళ్లలో ఉండిపోయింది. మీటలు కొడుతుంటే ఒకే తాళం వినిపించేది, టకటక టకటక ట్టక్. వాక్యం చివర ఆ ఒక్క దెబ్బ మాత్రం గట్టిగా. నేను బడి నుంచి వచ్చి రెండు దిండ్లు వేసుకుని ఆయన పక్కన కూర్చునేదాన్ని. మీటలు చూడొద్దు, తెర చూడు అనేవాడు. మీటల మీద అమ్మ పాత రుమాలు కప్పి నేర్పాడు. పన్నెండేళ్లకు నాకు మొత్తం వచ్చేసింది. వచ్చినవాళ్ల ముందు నన్ను కూర్చోబెట్టి ఆయన వెనక నిలబడేవాడు. అది ఆయనకు గర్వమని నాకు తెలుసు. నాకూ గర్వమే.

కరెంటు ఆ రోజుల్లో చెప్పి పోయేది కాదు. పోగానే కంప్యూటర్ కింద ఉన్న బ్యాటరీ డబ్బా పీ పీ అని మొత్తుకునేది. ఆ చప్పుడు వినగానే ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నా, "సేవ్! సేవ్ చెయ్!" అని అరిచేవాళ్లం. అమ్మ వంటింట్లో నుంచి, తమ్ముడు గల్లీలో నుంచి, గోడ అవతల ప్రెస్‌వాళ్లు కూడా. మా ఇంట్లో బియ్యం కన్నా, నీళ్ల కన్నా ఎక్కువసార్లు పలికిన మాట అదే అయి ఉంటుంది. ఈ కొత్త ల్యాప్‌టాప్ ఎవరూ అడగకుండానే ఎప్పటికప్పుడు దానంతటదే దాచుకుంటుంది. మంచిదే. కరెంటు పోయినా ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరూ అరవరు. ఆ నిశ్శబ్దంలో నేనే ఒకటికి రెండుసార్లు చూసుకుంటున్నాను, నిజంగా దాచిందా లేదా అని.

పత్రిక రాయించడానికి ఒక్కరు వచ్చేవాళ్లు కాదు. పెద్దమనిషి, ఆయన అన్నదమ్ములు, బామ్మర్ది, చదువుకున్న మేనల్లుడు. చాప పరిచేవాళ్లం. మొదటి ప్రతిని అమ్మ నిలబడి బిగ్గరగా చదివేది. అమ్మ చదివింది ఏడో తరగతే, కానీ పేర్లను పేర్లలా చదివేది, ఒక్కొక్కరికి మర్యాద చేస్తున్నట్టు. పెద్దమనిషి కళ్లు మూసుకుని వినేవాడు. పేర్ల వరసలో ఎవరికైనా తమ పేరు వెనకబడిందనిపిస్తే దగ్గేవాళ్లు. బాపు ఆ దగ్గు విని, ఎవరిదో గుర్తుపట్టి, ఏమీ అనకుండా పేరును పైకి జరిపేవాడు. అప్పుడు ఇంకొకరు దగ్గేవాళ్లు. దగ్గులన్నీ ఆగితే పత్రిక కుదిరినట్టు. అదే ప్రతికి నాలుగు మూలలా పసుపు పెట్టి జేబులో పెట్టుకుని పోయేవాళ్లు.

బాపుది ఒక పద్ధతి. కొత్త పత్రికను ఎప్పుడూ ఖాళీ పేజీ మీద మొదలుపెట్టేవాడు కాదు. అంతకుముందు చేసిన పత్రిక తెరిచి, పేర్లు మార్చి, దాని మీదే సేవ్ చేసేవాడు. అన్ని పెళ్లిళ్లకూ ఒకే ఫైలు. ఆ పద్ధతిలోనే ఒకసారి తప్పు జరిగింది. కొడిమ్యాల పెద్దమనిషి ఒకాయన పత్రిక చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"లక్ష్మణ్, గీ కథలాపూర్ నర్సయ్య ఎవడయ్యా? మాకు బావలు నలుగురే. గీ ఐదోడు యాడికెల్లి పుట్టిండు?"

బాపు పత్రిక అందుకుని చూశాడు. అంతకుముందు చేసిన కథలాపూర్ పెళ్లి పత్రికలోని పేరు అది, తీయడం మరిచిపోయాడు. "పెద్దయ్యా, తప్పయింది. పాత కార్డుల పేరు ఉండిపోయింది. మొత్తం మళ్ల కొట్టిస్త, నా మీద ఏసుకుంట."

"మళ్ల కొట్టుడేంది? సగం ఊర్లల్ల పంచినం."

చాయ్ తెచ్చిన అమ్మ అక్కడే నిలబడి, "పేరు పడ్డంక పిలువకపోతె ఎట్ల పెద్దయ్యా? రేపు ఆయనకు తెలుస్తది. పేరు పెట్టిండ్రు గని పిలుస్తలేరు అనుకుంటడు. మీకే మాట," అంది.

పెద్దమనిషి చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టి, "కల్లు తాగుతడా?" అన్నాడు.

"ఎవలు పెద్దయ్యా?"

"గా నర్సయ్య."

"నాకేం ఎర్క?"

ఆయన నిజంగానే కథలాపూర్ వెళ్లి, ఆ నర్సయ్య ఇల్లు వెతికి, బొట్టు పెట్టి పిలిచి వచ్చాడు. నర్సయ్య భార్యతో సహా వచ్చాడు. బావల వరసలో కూర్చున్నాడు, పెళ్లికొడుకుకు బట్టలు పెట్టాడు, మర్యాద సరిగ్గా జరగలేదని చివర్లో అలిగాడు కూడా. బావ అంటే అట్లనే ఉండాలె అని ఆ పెద్దమనిషే తర్వాత వచ్చి చెప్పి నవ్వాడు. ఆ తర్వాత బాపు నాకు ఒక నియమం పెట్టాడు. ముందు పేర్లన్నీ తుడువు, తర్వాతే కొత్తవి రాయి. నేను ఇప్పటికీ అట్లాగే చేస్తాను.

ఈ తొమ్మిది రోజుల్లో ఒకటి తేలిపోయింది. బాపు చేసిన పత్రికలన్నీ ఈ డబ్బాలో ఉన్నాయి, దీన్ని వదిలితే అవి పోతాయి అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కూర్చుని వెతికాను. బాపుది ఒక్కటే ఫైలు ఉంది. 'పెళ్లి' అని పేరు. తెరిస్తే ఆయన చివరగా చేసిన పత్రిక. దాని కింద ఉన్న వందల పెళ్లిళ్లు ఒకదాని మీద ఒకటి పడి తుడిచిపెట్టుకుపోయాయి. కాబట్టి ఫైళ్ల కోసం అనడానికి లేదు. నా దిగులు వేరే. నేను చేతగానిదానిలా కనిపించడం నాకు ఇష్టం లేదు.

మా ఇంట్లో ఒక కథ ఉంది. బస్టాండు దగ్గర కొత్త తీరు కంప్యూటర్లతో దుకాణం పడినప్పుడు బాపు మారలేదని, మొండితనంతో ఆ కొత్తదాన్ని ముట్టనైనా ముట్టలేదని, అందుకే సగం పని పోయిందని. అమ్మ అట్లాగే చెబుతుంది. మా ఆయన ఆ కథను పాఠంలా వాడుకుంటాడు. "మీ బాపు చేసిన పనే నువ్వూ చేస్తున్నవు," అన్నాడు మొన్న. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే శుక్రవారం మధ్యాహ్నం ఖాజా చాచా దగ్గరికి వెళ్లాను.

ఖాజా చాచా కోరుట్లలో మా ముందుగదిలోనే, కిటికీ పక్కన కూర్చునేవాడు. బాపుది తెలుగు, చాచాది ఉర్దూ. ముస్లింల పెళ్లి పత్రికలు ఆయన కలంతో చేత్తో రాసేవాడు. వెదురు కలం నల్లసిరాలో ముంచి, ఊపిరి బిగబట్టి ఒక్కో గీత లాగేవాడు. ఆయన ఊపిరి వదిలేదాకా మేం అటువైపు నడిచేవాళ్లం కాదు. ఉర్దూ కంప్యూటర్‌లోకి వచ్చినప్పుడు చాచా సొంతంగా ఒకటి కొనుక్కుని వెనక గల్లీలో తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు జగిత్యాలలోనే కూతురి దగ్గర ఉంటున్నాడు. నమాజు నుంచి వచ్చి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఆవో బేటా, లక్ష్మణ్ భాయ్ బిడ్డె అచ్చింది, చాయ్ పెట్టుండ్రి," అని లోపలికి కేకేశాడు.

విషయం చెప్పాను. "చాచా, మీరు కలం ఇడిశి కంప్యూటర్ పట్టినప్పుడు ఎట్ల అనిపించింది?" అని అడిగాను.

"ఎట్ల అనిపిస్తది? చెప్పులు ఉల్టా తొడుక్కొని నడిచినట్టు. ఆర్నెల్లు ఊరోళ్ల ముందట గాడిద లెక్క కూసున్న. పోరగాళ్లు అచ్చి, చాచా ఆ మీట కాదు ఈ మీట అని చెప్తుండె."

"మీరు నేర్చుకున్నరు. మా బాపు ముట్టనే లేదు."

చాచా కళ్లద్దాలు తీసి లాల్చీతో తుడిచాడు. "ముట్టలేదని ఎవలు చెప్పిండ్రు?"

"ఇంట్ల అందరం గదే అనుకుంటం."

"నలభై దినాలు మా ఇంటికి అచ్చిండు బేటా. రోజు పగటి పూట. ఇంట్ల ప్రెస్‌కు పోతున్న అని చెప్పి నా దగ్గరికి అచ్చేది. నా దాంట్ల గా కొత్త తీరు తెలుగు కూడా ఏయించిండు. కూసొని ఒక్కొక్క అక్షరం ఎతుక్కునేది. రాలె. సాంచ మీద పడ్డ చెయ్యి కదా, ఒకసారి తాళం పడితే ఇడువది. నువ్వు ఒకనాడు మా ఇంటికి అచ్చినవు, యాదికున్నదా?"

గుర్తుంది. ఆ క్షణం దాకా గుర్తుందని తెలియదు. ఏదో ప్రూఫ్ పట్టుకుని చాచా ఇంటికి పరుగెత్తాను. బాపు అక్కడ కనిపించాడు. ప్రెస్‌లో ఉండాల్సిన మనిషి. కంప్యూటర్ ముందు కుర్చీ ఖాళీగా ఉంది, బాపు పక్కన నిలబడి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, చాచా అప్పుడే ఆ కుర్చీలో కూర్చోబోతున్నాడు. ఇద్దరూ ఏదో దొంగతనం చేసినవాళ్లలా ఉన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ వారమే అనుకుంటాను, వచ్చినవాళ్ల ముందు, "బాపూ, ఇప్పుడు నీకన్న నేనే ఫాస్ట్," అన్నాను. ఆయన కూడా నవ్వాడు.

"ఆ దినం సంది మళ్ల అచ్చుడే లేదు," అన్నాడు చాచా. "అడిగితె, నా పోరి ముందట అక్షరాలు ఏరుకుంటరా భాయ్ అన్నడు. నేనేం జెప్త? నేను నేర్చుకున్ననంటే నాకు తెలివి, అక్కల్ ఎక్కువుండి కాదు బేటా. ఇజ్జత్ తక్కువుండె. మీ బాపుకు ఎక్కువుండె." తర్వాత కాసేపు తన కుడిచేయి చూసుకున్నాడు. "నాకేం లాభమైందని కూడా అనను. పిల్లల కడుపు నిండింది. గని ఇప్పుడు కలం పడితే చెయ్యి నాది గాదు."

చాయ్ తాగి వచ్చేశాను. ఆటోలో వస్తూ తేలికపడతానేమో అనుకున్నాను, పడలేదు. బాపు మొండివాడని కోపం తెచ్చుకోవడం ఇంతకన్నా సులువుగా ఉండేది. ఇంట్లో అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. చాచా చెప్పిందంతా చెప్పాను. అమ్మ చేతులు ఆగలేదు.

"ఎర్కనే," అంది.

"నీకెట్ల ఎర్క?"

"ప్రెస్‌కు పోతున్న అని పోతుండె, ఒట్టి చేతులతో అస్తుండె. ప్రెస్‌ల ఏం పని చేసి అస్తడు ఒట్టి చేతులతో? నేను అడగలె."

"మరి ఇన్నేండ్ల సంది ముట్టలేదు, మొండోడు, అని ఎందుకు చెప్పినవ్ అమ్మా?"

"మొండోడు అంటె ఓ మర్యాద ఉంటది బిడ్డా. రాలేదు అంటె ఏం మర్యాద?" అని, తుంచినవన్నీ గిన్నెలో వేసుకుని లోపలికి పోయింది.

నేను ఆ బల్ల ముందు చాలాసేపు కూర్చున్నాను. అప్పటి ఇంట్లో ఏదీ దాచుకునే వీలు లేదనుకునేదాన్ని. మేముండేది ఒక్క నడిమి గది, పరిచేది ఒక్క చాప, అందరి దగ్గులూ అందరికీ తెలిసేవి. ఆ ఇంట్లోనే ఒక మనిషి నలభై రోజులు తన చేతగానితనాన్ని వెనక గల్లీలో దాచాడు, ఇంకో మనిషి ఆ దాచినదాన్ని చూసి చూడనట్టు ఉంది. ఇప్పటి మా ఇంట్లో అందరికీ వేరే గదులున్నాయి, తలుపులున్నాయి, చేతుల్లో ఫోన్లున్నాయి. నా భయాలు మాత్రం గది గదికీ వినిపిస్తాయి, మా ఆయన నుంచి అక్షర దాకా. ఏది మేలో చెప్పలేను. బాపు ఆ రోజు నా ముందు కుర్చీలోంచి లేవకపోయి ఉంటే ఏమయ్యేదని ఆలోచించాను. నేను నవ్వేదాన్నేమో. పదమూడేళ్ల పిల్ల నవ్వుతుంది. నవ్వి, పక్కన కూర్చుని, ఆ మీట కాదు బాపూ ఈ మీట అని చెప్పేదాన్ని కూడా.

శనివారం పొద్దున మల్లాపూర్ నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. మనవరాలి పెళ్లి. వెంట వచ్చిన కొడుకు ఆమెను మా గుమ్మంలో దింపి, బంగారం దుకాణం దాకా పోయి వస్తానని వెళ్లాడు. పేర్లు రాసిన కాగితం ఆమె కొంగుకు ముడేసి ఉంది. విప్పి ఇచ్చింది. నేను బల్ల దగ్గరికి వచ్చాను. బాపు కంప్యూటర్ పొద్దుటి నుంచి తెరుచుకునే ఉంది, డాంగిల్ బిగించే ఉంది. నేను కుర్చీని ల్యాప్‌టాప్ ముందుకు జరిపాను. బడి లేని రోజు, అక్షర వచ్చి నా మోచేతి పక్కన గడ్డం ఆనించి నిలబడింది.

ముసలమ్మ కుర్చీలో కూర్చుని నా చేతుల వైపే చూస్తోంది. ఆమెకు చదువు రాదు, కానీ పని వచ్చిన చేయి ఎట్లా ఉంటుందో తెలియనిదేమీ కాదు. నా చూపుడువేలు గాల్లో తిరుగుతోంది. 'శ' దొరకలేదు. 'శ' దొరికాక దాని కింద 'ర' ఎట్లా పెట్టాలో తెలియలేదు. "అమ్మా, గిక్కడ," అని అక్షర ఒక మీట నొక్కింది, అది కాదు, తుడిచాను. వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది, వింటోందని తెలిసింది.

"కొత్తనా బిడ్డా నీకు?" అంది ముసలమ్మ.

మిషన్ బాగా లేదవ్వా అని నోటిదాకా వచ్చింది. కరెంటు సరిగ్గా లేదు, అక్షరాలు వేరేవి, రేపు రండి, అన్నీ వచ్చాయి. అక్షర నా ముఖం చూస్తోంది.

"కొత్తే అవ్వా," అన్నాను. "నాకింకా రాదు. నేర్చుకుంటున్న."

ముసలమ్మ చెప్పులు విడిచి, కాళ్లు రెండూ కుర్చీ మీదికి తీసుకుని, కొంగు సర్దుకుంది.

"నిమ్మలంగ కొట్టు," అంది. "లగ్గం ఇంక ఇరవై దినాలున్నది."